ఉడుము పెంపకం

ఉడుము పెంపకం అనగా ఉడుము జాతికి చెందిన పెద్ద బల్లులను, వాటిలోనూ ముఖ్యంగా నేలపైన, నీటిలోన సమానంగా సంచరించే నీటి ఉడుమును, పెంపుడు జంతువుగా ఇంటివద్ద ఉంచుకోవడం. ఐరోపా, అమెరికా, ఆగ్నేయాసియా దేశాలలో ఇది కొందరికి అభిరుచి. భారతదేశంలో మాత్రం సహజంగా నివసించే నాలుగు జాతుల ఉడుములూ వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూలులో ఉన్నాయి. కనుక వాటిని పట్టుకోవడం, పెంచడం, అమ్మడం, కొనడం నేరాలు.

ఆంధ్రప్రదేశ్‌లోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో రాతిగుట్టలు, చెరువు కట్టలు, పుట్టలు విస్తారంగా ఉండటం వలన సాధారణ ఉడుము నేటికీ పొలాలలో కనిపిస్తుంది. చిన్న ఉడుమును చూసి ముచ్చటపడి ఇంటికి తెచ్చుకునేవారికి అది ఎంత పెరుగుతుందో, దానికి ఎంత వేడి, ఎంత నీరు, ఎంత చోటు కావాలో సాధారణంగా తెలియదు. ఈ వ్యాసం ఆ అవసరాలను, ఈ ప్రాంతపు పరిస్థితులను, చట్టం చెప్పే విషయాలను వివరిస్తుంది.

పేర్లు, వర్గీకరణ

ఉడుములు సరీసృపాల తరగతిలో వారానిడే కుటుంబానికి చెందినవి. ఈ కుటుంబంలో నేడు జీవించి ఉన్న ప్రజాతి వారానస్ ఒక్కటే. ప్రపంచంలోని బల్లులన్నిటిలో పెద్దదైన ఇండోనేషియా కొమోడో డ్రాగన్ కూడా ఈ ప్రజాతిలోనిదే. ఉడుమును సంస్కృతంలో గోధ అని, తమిళంలో ఉడుంబు అని, కన్నడంలో ఉడ అని అంటారు. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి కావటం వలన అక్కడ తెలుగు పేరుతో పాటు ఈ రెండు పేర్లు కూడా వినిపిస్తాయి.

భారతదేశంలోని నాలుగు జాతులు ఇవి:

* సాధారణ ఉడుము లేక బెంగాల్ ఉడుము (వారానస్ బెంగాలెన్సిస్) - దేశమంతటా వ్యాపించినది. తెలుగునాట ఉడుము అంటే ఇదే.
* నీటి ఉడుము (వారానస్ సాల్వేటర్) - ఒడిషాలోని భితర్‌కనిక, పశ్చిమ బెంగాల్‌లోని సుందరవనాలు, ఈశాన్య రాష్ట్రాలు, అండమాన్ నికోబార్ దీవులలో కలదు. శ్రీలంక నుండి ఇండోనేషియా వరకు విస్తరించి ఉన్నది.
* పసుపు ఉడుము (వారానస్ ఫ్లేవిసెన్స్) - గంగా, బ్రహ్మపుత్ర మైదానాల చిత్తడి నేలలలో ఉంటుంది.
* ఎడారి ఉడుము (వారానస్ గ్రిసియస్) - రాజస్థాన్ మొదలైన పశ్చిమ భారత పొడి నేలలలో ఉంటుంది.

శరీర లక్షణాలు, నీటితో సంబంధం

సాధారణ ఉడుము తోకతో కలిపి సుమారు 175 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. ఈ పొడవులో సగానికి పైగా తోకే. నీటి ఉడుము సాధారణంగా ఒకటిన్నర నుండి రెండు మీటర్లు ఉంటుంది. శ్రీలంకలోని క్యాండీలో 3.21 మీటర్ల నీటి ఉడుము నమోదయింది.

నీటి ఉడుము తోక ఇరుప్రక్కలా నొక్కినట్లు పలుచగా ఉండి తెడ్డువలె పనిచేస్తుంది. ఈదేటప్పుడు కాళ్లను శరీరానికి ఆనించి తోకను మాత్రమే ఆడిస్తుంది. ముక్కు రంధ్రాలు మూతి కొనకు దగ్గరగా ఉండటం వలన శరీరమంతా నీట మునిగినా ఊపిరి తీసుకోగలదు. ప్రమాదం కలిగినప్పుడు నీటిలోనికి దూకి చాలాసేపు మునిగి ఉండగలదు. సాధారణ ఉడుము ప్రధానంగా నేలపై తిరిగే జంతువే అయినా చక్కగా ఈదగలదు, చెట్లు ఎక్కగలదు. చెరువుల అంచున పీతలను, కప్పలను, నత్తలను పట్టి తింటుంది.

ఉడుము నాలుక పాము నాలుకవలె చీలి ఉంటుంది. దానిని బయటకు చాపి గాలిలోని వాసన కణాలను సేకరించి, అంగిలిలోని జాకబ్‌సన్ అవయవానికి అందిస్తుంది. ఎలుక ఉన్న బొరియను, గుడ్లున్న గూటిని అది ఈ విధంగానే పసిగడుతుంది.

ఉడుము శీతల రక్త జంతువు. ఉదయాన ఎండ కాచుకొని శరీరం వేడెక్కిన తరువాతనే వేటకు బయలుదేరుతుంది. ఎండ తీవ్రమైనప్పుడు బొరియలోకో, చెట్టు తొర్రలోకో, నీటిలోకో చేరుతుంది. అనగా ఒకే రోజులో వేడి చోటు, చల్లని చోటు, తడి చోటు వెతుక్కుంటూ తిరగడమే దాని జీవన విధానం. దానిని బంధించి పెంచడంలోని కష్టమంతా ఇక్కడే ఉన్నది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం

ఈ మూడు పట్టణాలు పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగంలో, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున గల పీఠభూమిపై ఉన్నాయి. మదనపల్లెకు సమీపంలో హార్స్లీ కొండలు, రిషీ వ్యాలీ లోయ కలవు. పలమనేరు, కుప్పం అడవులలో 1990లో ఏర్పడిన కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఏనుగులకు ప్రసిద్ధి. కుప్పం మండలం ఒకవైపు కర్ణాటకను, మరొకవైపు తమిళనాడును ఆనుకొని ఉన్నది.

మదనపల్లె చుట్టుపట్ల టమాటా, వేరుశనగ, మల్బరీ తోటలు విస్తారంగా ఉన్నాయి. ఈ తోటల గట్లు, పాడుబడిన బావులు, చెరువు కట్టలు, చెదపుట్టలు సాధారణ ఉడుముకు అనువైన నివాసాలు. వేసవి చివర, వానాకాలంలో ఇది గుడ్లు పెడుతుంది. ఆడ ఉడుము నేలను గాని, పుట్టను గాని త్రవ్వి, ఒక విడతకు సుమారు ఇరవై గుడ్లు పెట్టి మట్టితో కప్పివేస్తుంది. పిల్లలు బయటకు రావడానికి సుమారు ఐదున్నర నెలల నుండి ఎనిమిది నెలలకు పైగా పడుతుంది. అందువలన ఒక చదును చేసిన గట్టు, తవ్వివేసిన ఒక పుట్ట మరుసటి ఏడాది ఉడుముల సంఖ్యపై ప్రభావం చూపుతాయి.

రైతుకు ఉడుము వలన మేలు ఎక్కువ. పెంకు పురుగులు, వాటి లార్వాలు, మిడతలు, తేళ్లు, ఎలుకలు, పాము గుడ్లు దాని ఆహారం. చచ్చిన జంతువుల మాంసం కూడా తిని పరిసరాలను శుభ్రం చేస్తుంది. కోడిగుడ్లను, కోడిపిల్లలను ఎత్తుకుపోవడం దానిపై ఉన్న ప్రధానమైన ఫిర్యాదు. రాత్రి, పగలు కూడా గూటి తలుపు బిగించి, నేలను ఆనుకొని ఉన్న సందులను మూసివేస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

పెంపకంలో అవసరాలు

నీటి ఉడుముల పెంపకం అనుమతి ఉన్న దేశాలలోని అనుభవజ్ఞులు, జంతు ప్రదర్శనశాలల సిబ్బంది పాటించే పద్ధతులు ఈ క్రింది విధంగా ఉంటాయి. వీటిని చదివితే ఈ జంతువు ఇంట్లో పెంచదగినది అవునో కాదో పాఠకునికే బోధపడుతుంది.

స్థలం: గుడ్డు నుండి వెలువడినప్పుడు నీటి ఉడుము పిల్ల సుమారు ఒక అడుగు పొడవు ఉంటుంది. మంచి ఆహారం లభిస్తే రెండు మూడు సంవత్సరాలలోనే మీటరున్నర దాటుతుంది. అద్దాల పెట్టె దానికి కొన్ని నెలల వరకే సరిపోతుంది. ఆవరణ పొడవు జంతువు పొడవుకు కనీసం రెండింతలు, వెడల్పు కనీసం దాని పొడవంత ఉండాలన్నది ఒక మోటు లెక్క. రెండు మీటర్ల ఉడుముకు ఇది 8 చదరపు మీటర్లు, అనగా ఇంట్లో ఒక గది. అందులో ఎక్కడానికి దుంగలు, త్రవ్వుకోవడానికి లోతైన మట్టి, దాగుకొనడానికి చీకటి చోటు ఉండాలి.

వేడి: ఆవరణలో ఒక చివర ఎండ కాచుకునే చోట ఉపరితల ఉష్ణోగ్రత 50 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా, రెండవ చివర 26 నుండి 28 డిగ్రీలు ఉండాలి. ఇంట్లో ఉంచితే సూర్యకాంతికి బదులు అతినీలలోహిత కిరణాలను ఇచ్చే ప్రత్యేక దీపాలు అవసరం. వంద వాట్ల దీపాలు రెండు, రోజుకు 12 గంటల చొప్పున వెలిగినా నెలకు 72 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. నీటిని వేడిచేసే పరికరం ఖర్చు దీనికి అదనం. మదనపల్లె, కుప్పం వంటి ఎత్తైన ప్రదేశాలలో డిసెంబరు, జనవరి నెలల రాత్రులు ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపుకు దిగుతుంది. అడవిలోని సాధారణ ఉడుము ఆ చలిలో లోతైన బొరియలో తలదాచుకుంటుంది. తేమ గల వేడి ప్రదేశాలకు అలవాటుపడిన నీటి ఉడుముకు మాత్రం ఆ చలిలో ఆహారం జీర్ణం కాదు, ఊపిరితిత్తుల వ్యాధులు సోకుతాయి.

నీరు: ఆవరణలో నాలుగవ వంతు నుండి మూడవ వంతు నీటి తొట్టి ఉండాలి. జంతువు పూర్తిగా మునిగి, మలుపు తిరగగలిగినంత లోతు అవసరం. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతు గల తొట్టిలో వెయ్యి లీటర్ల నీరు పడుతుంది. నీటి ఉడుము సాధారణంగా నీటిలోనే మల విసర్జన చేస్తుంది. కనుక వడపోత యంత్రం ఉన్నా నీటిని తరచుగా మార్చవలసిందే. వారానికి రెండుసార్లు మార్చితే నెలకు ఎనిమిది వేల లీటర్లకు పైగా నీరు కావాలి. వర్షాలు తప్పిన సంవత్సరాలలో బోర్లు ఎండి, త్రాగునీటికి ట్యాంకర్లపై ఆధారపడే ఈ ప్రాంతపు కుటుంబాలకు ఆ నీటి విలువ వేరుగా చెప్పనవసరం లేదు.

తేమ: గాలిలో తేమ 70 శాతానికి తగ్గకుండా చూడాలి. రాయలసీమ వేసవి గాలులలో దీనికి రోజుకు పలుమార్లు నీరు చిలకరించాలి. తేమ చాలకపోతే కుబుసం సరిగా ఊడక, వ్రేళ్ల చుట్టూ, తోక కొనన బిగుసుకొని రక్త ప్రసరణ ఆగిపోయి ఆ భాగాలు రాలిపోతాయి.

ఆహారం: పిల్లలకు కీటకాలు, చిన్న చేపలు; పెద్దవాటికి ఎలుకలు, చేపలు, పీతలు, గుడ్లు ఇస్తారు. కేవలం కోడిమాంసం ముక్కలు పెట్టడం తరచుగా జరిగే పొరపాటు. ఎముకలేని మాంసంలో కాల్షియం అతి తక్కువ కావటం వలన ఎముకలు మెత్తబడి, దవడ, వెన్ను వంకరపోతాయి. అతిగా మేపితే కొవ్వు పేరుకుంటుంది. నీరు తక్కువై మాంసం ఎక్కువైతే కీళ్లలో యూరిక్ ఆమ్లం చేరి వాపు వస్తుంది.

స్వభావం: ఉడుముకు తెలివి ఎక్కువ. ఆహారం ఇచ్చే వ్యక్తిని, వేళను గుర్తిస్తుంది. అయితే గుర్తించడం వేరు, మచ్చిక కావడం వేరు. బెదిరినప్పుడు మెడ ఉబ్బించి బుసకొడుతుంది, తోకతో కొరడావలె కొడుతుంది, గోళ్లతో గీరుతుంది, కరిచి పట్టుకుంటే సులభంగా వదలదు. తెలుగులో పట్టుదలను "ఉడుంపట్టు" అనడం ఈ స్వభావం నుండి వచ్చినదే. 2000ల దశకంలో జరిగిన పరిశోధనలలో ఉడుముల దవడలలో విషపదార్థాలను స్రవించే గ్రంథులు ఉన్నట్లు వెల్లడైంది. ఉడుము కాటు వలన సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. అయినా గాయాన్ని సబ్బుతో కడిగి, ధనుర్వాతం టీకా కొరకు, సూక్ష్మజీవుల సంక్రమణ రాకుండా వైద్యుని సంప్రదించాలి. సరీసృపాల శరీరంపై సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండటం సహజం. అందువలన ఐదేళ్లలోపు పిల్లలు ఉన్న ఇళ్లలో వీటిని ఉంచరాదని వైద్యులు సూచిస్తారు.

ఆయుర్దాయం: బంధనంలో ఉడుములు పదిహేను సంవత్సరాలు, కొన్నిసార్లు ఇరవై సంవత్సరాలకు పైగా జీవిస్తాయి. పాఠశాల విద్యార్థి తెచ్చిన పిల్ల ఉడుము అతడు చదువు ముగించి ఉద్యోగంలో చేరిన తరువాత కూడా ఇంట్లోనే ఉంటుంది. సరీసృపాలకు చికిత్స చేయగల పశువైద్యులు పెద్ద నగరాలలో కూడా అరుదు.

చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అనే మాటకు చంపడం మాత్రమే కాదు, పట్టుకోవడం, ఉచ్చు వేయడం, తరమడం, గుడ్లను పాడుచేయడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. 2022లో చట్టాన్ని సవరించారు. సవరణ 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. మొదటి షెడ్యూలు జంతువులకు సంబంధించిన నేరానికి మూడు నుండి ఏడు సంవత్సరాల జైలుశిక్ష, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా విధించవచ్చు. ప్రేమతో పెంచుతున్నామన్నది మినహాయింపు కాదు. వన్యప్రాణి ఎవరి వద్ద దొరికితే, అది చట్టబద్ధంగా తన వద్ద ఉన్నదని నిరూపించుకోవలసిన భారం వారిపైనే ఉంటుంది.

అంతర్జాతీయంగా, అంతరించిపోతున్న జంతు, వృక్ష జాతుల వ్యాపారంపై 1973లో కుదిరిన సైట్స్ ఒప్పందంలో భారతదేశం 1976లో చేరింది. సాధారణ ఉడుము ఈ ఒప్పందపు మొదటి అనుబంధంలోను, నీటి ఉడుము రెండవ అనుబంధంలోను ఉన్నాయి. మొదటి అనుబంధంలోని జంతువులను అడవి నుండి పట్టి దేశాల మధ్య వాణిజ్యం చేయడం నిషిద్ధం.

విదేశీ బల్లులు

భారతీయ ఉడుములను పెంచరాదు కనుక కొందరు విదేశీ బల్లులవైపు చూస్తారు. వాటిలో ముఖ్యమైనవి మధ్య, దక్షిణ అమెరికాలకు చెందిన ఆకుపచ్చ ఇగ్వానా, ఆగ్నేయాసియా, దక్షిణ చైనాలకు చెందిన ఆకుపచ్చ నీటి డ్రాగన్. ఇగ్వానా నదుల ఒడ్డున చెట్లపై నివసిస్తూ, అలికిడి కాగానే నీటిలోకి దూకుతుంది. ఇది శాకాహారి. నీటి డ్రాగన్ సుమారు మీటరు వరకు పెరుగుతుంది, వాగుల ప్రక్కన జీవిస్తుంది. 2022లో జరిగిన సైట్స్ సమావేశంలో నీటి డ్రాగన్‌ను కూడా రెండవ అనుబంధంలో చేర్చారు.

సైట్స్ అనుబంధాలలో ఉన్న విదేశీ జంతువులు సవరించిన చట్టం నాలుగవ షెడ్యూలులోకి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం వీటి నమోదుకు నియమాలను ప్రకటించింది. వాటి ప్రకారం ఇటువంటి జంతువు తమ వద్దకు వచ్చిన 30 రోజులలోగా యజమాని పరివేష్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. జంతువు చేతులు మారినా, పిల్లలు పెట్టినా తెలియజేయాలి. పత్రాలు లేకుండా అమ్మేవారి నుండి కొంటే కొన్నవారు కూడా చిక్కులలో పడతారు.

పెంచలేక చెరువులోనో, అడవిలోనో వదలివేయడం మరింత ప్రమాదకరం. అమెరికాలోని ఫ్లోరిడాలోను, తైవాన్‌లోను పెంపుడు జంతువులుగా వచ్చిన ఇగ్వానాలు బయట స్థిరపడి, విస్తరించి, పంటలకు, కాలువ గట్లకు నష్టం కలిగిస్తున్నాయి.

వేట, వ్యాపారం, నమ్మకాలు

ఉడుములు తగ్గిపోవడానికి పెంపకం కంటే వేట పెద్ద కారణం. మాంసం కొరకు, తోలు కొరకు, కొవ్వు నుండి తీసే నూనె కొరకు వీటిని వేటాడారు. ఉడుము నూనె కీళ్లనొప్పులను తగ్గిస్తుందని, మాంసం బలాన్నిస్తుందని ఉన్న నమ్మకాలకు శాస్త్రీయ ఆధారాలు లేవు.

కర్ణాటక సంగీతంలో వాడే కంజీరా వాద్యానికి సంప్రదాయంగా ఉడుము చర్మాన్ని బిగించేవారు. పుదుక్కోట్టైకి చెందిన మాన్పూండియా పిళ్ళై ఈ వాద్యానికి కచేరీలలో స్థానం కల్పించారు. ఉడుముకు చట్టరక్షణ లభించిన తరువాత మేకతోలు, కృత్రిమ పొరలతో చేసిన కంజీరాలు వాడుకలోకి వచ్చాయి.

"హత్థా జోడీ" అనే పేరుతో, అదృష్టాన్ని తెచ్చే వేరు అని చెప్పి అమ్మే వస్తువు నిజానికి ఎండబెట్టిన మగ ఉడుము జననాంగమని 2017లో బయటపడింది. పూజా సామగ్రిగా భావించి దీనిని కొన్నవారు తెలియకనే వన్యప్రాణి నేరంలో భాగస్వాములయ్యారు.

ఉడుము నడుముకు త్రాడు కట్టి కోటగోడలు ఎక్కేవారని అనేక గాథలు ఉన్నాయి. 1670లో మరాఠా వీరుడు తానాజీ సింహగడ్ కోటను ఎక్కిన సందర్భంలోని ఉడుము కథ ఇటువంటిదే. ఇది జానపద గాథే తప్ప చారిత్రకంగా నిర్ధారణ అయినది కాదు.

ఉడుము కనిపించినప్పుడు

* పొలంలో, గట్టుపై కనిపిస్తే దాని దారిన దానిని పోనివ్వాలి. అది మనుషులను వెంబడించి కరవదు.
* ఇంట్లోకి వస్తే పిల్లలను, కుక్కలను దూరంగా ఉంచి, బయటకు పోయే తలుపు ఒకటి తెరచి ఉంచాలి. చాలాసార్లు అదే వెళ్లిపోతుంది.
* వెళ్లకపోయినా, గాయపడి ఉన్నా సమీప అటవీశాఖ రేంజి కార్యాలయానికి తెలియజేయాలి. స్వయంగా పట్టుకొని ఇంట్లో ఉంచి వైద్యం చేయరాదు.
* బావిలో పడితే ఒక మొద్దునో, నిచ్చెననో ఏటవాలుగా దించితే దాని సాయంతో ఎక్కి రాగలదు.
* ఇదివరకే ఎవరి ఇంట్లోనైనా ఉడుము ఉంటే దానిని ఇష్టం వచ్చిన చోట వదలరాదు. అటవీశాఖకు అప్పగించాలి.

ఉడుములను గూర్చి తెలుసుకొనగోరు విద్యార్థులకు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల (1987) దగ్గరలోని సందర్శన స్థలం. అంతకంటె దగ్గరలో ఊరి చెరువు కట్టే ఉన్నది. ఉదయం ఎండ పొడ తగిలే వేళ, దూరం నుండి, కదలకుండా గమనిస్తే అది ఎండ కాచుకోవడం, నాలుక చాపుతూ వాసన పట్టడం, నీటిలో దిగి ఈదడం చూడవచ్చు. చూసిన తేదీ, స్థలం, అది చేసిన పనులు వ్రాసి ఉంచుకుంటే ఆ పుస్తకం ఆ ఊరి జీవవైవిధ్యానికి మంచి ఆధారమవుతుంది.

ఇవి కూడా చూడండి

* ఉడుము
* కొమోడో డ్రాగన్
* వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972
* కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం
* హార్స్లీ కొండలు
* కంజీరా